ట్రాలీ ఎక్కినోడికి బీమా యాడుంది?

2022 డిసెంబర్ 7, బుధవారం రాత్రి. ఐరాల మండలం బలిజపల్లె నుంచి పూతలపట్టు మండలం జెట్టిపల్లెకు పెండ్లికని పోతా ఉండిన ట్రాక్టరు లక్ష్మయ్యవూరు తావ బోల్తా పడింది. ఆరుగురు చనిపోయినారు. చానా మందికి దెబ్బలు తగిలినాయి. మన మండలంలో ఆ రాత్రి గుర్తులేని ఊరు ఉండదు.

ఆ కుటుంబాల కేసు గురించి రాసేదానికి కాదు ఇది. మన పక్కన ఏ పల్లెలో చూసినా పెండ్లికీ, తిరునాళ్లకూ, మామిడికాయలు కోసేదానికీ ట్రాక్టర్లోనే పోతాము. ట్రాలీలో రవంత వరిగడ్డి పరిచి, పైన పట్ట కప్పి, ఆడోళ్లనూ పిల్లోళ్లనూ ఎక్కించుకుంటే అయిపాయె. అట్ల పోయేటప్పుడు ఏమన్నా అయితే చట్టం ప్రకారం ఎవురు కట్టాల? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిసిన పిల్లోళ్లు ఊరికి ఇద్దరు కూడా ఉండరు. పెద్దోళ్లయితే “ట్రాక్టరుకు ఇన్సూరెన్స్ ఉండాది లేబ్బా” అని తేలిగ్గా అనేస్తారు. ఉండేది నిజమే. అది ఎవురికి ఉండాది అనేదే అసలు సంగతి.

ప్రమాదం జరిగిన మరుసటి దినం పెద్ద పెద్దోళ్లు లక్షల్లో సాయం ప్రకటిస్తారు. దాని పేరు ఎక్స్‌గ్రేషియా. అంటే దయతో ఇచ్చేది. ఇస్తే దండం పెట్టి తీసుకోవాల, ఇయ్యకుంటే అడిగేదానికి మనకు హక్కు లేదు. టీవీలో వచ్చిన ప్రమాదానికి ఒక లెక్క, రాని ప్రమాదానికి ఇంగో లెక్క. బీమా అట్ల కాదు. అది హక్కు. ఇయ్యకుంటే కోర్టుకు లాగొచ్చు. అందుకే ఆ హక్కు మనకు యాడ ఉండాది, యాడ లేదు అనేది తెలుసుకోవాల.

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా ఏ బండీ రోడ్డు మీదికి రాకూడదు. 146వ సెక్షన్ చెప్పేది అదే. ఫస్ట్ పార్టీ బండి ఓనరు, సెకండ్ పార్టీ బీమా కంపెనీ. ఈ ఇద్దరూ కాకుండా ఆ బండి వల్ల నష్టపోయిన మూడో మనిషి థర్డ్ పార్టీ. మూడో మనిషి అంటే బండి బయట ఉండేవాళ్లందరూ వస్తారు. బండి లోపల ఉండేవాళ్లలో ఎవురెవురు వస్తారనేది బండి రకాన్ని బట్టి మారిపోతాది. 147వ సెక్షన్లో ఉండే చిక్కు ఈడే.

జనాన్ని ఎక్కించుకునేదానికి పర్మిట్ ఉండే బస్సు, ఆటో, టాక్సీ అయితే లోపల కూర్చున్న ప్యాసింజరుకూ బీమా వర్తిస్తాది. సరుకులు తోలే బండి అయితే లోపల ఉండేవాళ్లలో ముగ్గురికే. డ్రైవరు, ఆ బండి మీద పని చేసే కూలోళ్లు, సరుకు ఓనరు లేదా ఆయన తరఫున వచ్చిన మనిషి. ఈ మూడోది మొదట్లో లేదు, 1994లో చట్టం మార్చినప్పుడు చేర్చినారు. వీళ్లు కాకుండా ఊరికే ఎక్కినోళ్లు చట్టం లెక్కలో లేనేలేరు. ట్రాక్టరు ట్రాలీ సేద్యం పనికీ, సరుకులకూ. మనుషుల్ని మోసేదానికి కాదు.

ఇప్పుడు రవంత ఆలోచన చేయండి. రోడ్డు వారగా నడిచిపోయే మనిషిని అదే ట్రాక్టరు గుద్దితే బీమా కంపెనీ కట్టాల. అదే మనిషి చెయ్యెత్తి ఆపి ట్రాలీ ఎక్కి, పది నిమిషాల తర్వాత బోల్తా పడి చనిపోతే కంపెనీ “మాకు సంబంధం లేదు” అంటాది. బండి అదే, డ్రైవరు అదే, కట్టిన ప్రీమియం అదే. ఎక్కినందుకే హక్కు పోయింది.

ఈ మాట నేను చెప్పేది కాదు, సుప్రీంకోర్టు చెప్పింది. 1999లో సత్పాల్ సింగ్ కేసులో గూడ్సు బండిలో పోయిన మనిషికి కూడా కంపెనీ కట్టాల్సిందే అని తీర్పు వచ్చింది. మూడేండ్లకే, 2002 డిసెంబర్లో, ఆశారాణి కేసులో ముగ్గురు జడ్జీల బెంచి అది తప్పు అని తేల్చేసింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా లారీలో, మినీ లారీలో, ట్రాలీలో ఊరికే ఎక్కి పోయేవాళ్ల పరిస్థితి ఇదే.

అయితే కోర్టులు పూర్తిగా కండ్లు మూసుకోలేదు. 2004లో బల్జీత్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు ఒక నడిమి దోవ చూపించింది. ముందు కంపెనీ బాధితులకు డబ్బు కట్టాల, తర్వాత బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోవాల. 2007లో బ్రిజ్ మోహన్ అనే కూలీ కేసులో, 2018లో మన పక్క రాష్ట్రం కర్ణాటక నుంచి పోయిన శివరాజ్ కేసులో ఇదే మాట. ఈ రెండూ ట్రాక్టరు కేసులే. ఈ పద్ధతిని వకీళ్లు ‘పే అండ్ రికవర్’ అంటారు. బాధితులకు ఇది మేలే. కానీ ప్రతి కేసులో ఇట్లనే తీర్పు వస్తాదని రాసిచ్చేవాళ్లు ఎవురూ లేరు. ఏండ్ల తరబడి తిరిగినాక జడ్జి దయ తలిస్తే వచ్చేది అది.

ఇంగ ‘రికవర్’ అనే రెండో మాట దగ్గర ఆగాల. వసూలు చేసేది ఎవురి దగ్గర? ట్రాక్టరు ఓనరు దగ్గర. మన పల్లెల్లో పెండ్లికి ట్రాక్టరు ఇచ్చేది ఎవురు? పెండ్లికొడుకు మేనమామో, చిన్నాయనో, పక్కింటి అన్నో. బాడుగ కూడా తీసుకోకుండా డీజిలు పోయించుకుని వచ్చినోడు. చనిపోయినోళ్ల కుటుంబం పరిహారం కావాలంటే ఆ మేనమామనే కోర్టుకు ఈడ్చాల. కోర్టు తీర్పిస్తే ఆయన ఎకరా మడి, మామిడి తోపు, ఇల్లు జప్తుకొస్తాయి. ఈడ్చకుంటే బిడ్డలకు రూపాయి రాదు. నా లెక్కలో ఈ చట్టంలో అన్నిటికంటే అన్యాయమైంది ఇదే. చావు దుఃఖం ఒకటైతే, దాని మీద బంధువుల మధ్య కేసు ఇంగొకటి. ఎంతో మంది “పోయినోళ్లు ఎట్లా రారు, వాడి బతుకు ఎందుకు చెడగొట్టాల” అని కేసే పెట్టరు. కంపెనీకి కావాల్సింది కూడా అదే కదా.

ట్రాక్టరు ఉండే అన్నలకు ఒక మాట. ట్రాలీకి కూడా పాలసీలో విడిగా ప్రీమియం కట్టినారో లేదో ఈ పొద్దే కాయితం తీసి చూడండి. ఇంజినుకు కట్టి ట్రాలీకి కట్టనోళ్లు దండిగా ఉండారు. ట్రాలీకి పాలసీ లేకుంటే రోడ్డున పోయేవాళ్లకు తగిలినా మీ మీదికే వస్తాది. ఇంగ “జనానికి కూడా కలిపి కట్టినాము కదా” అని ఎవురన్నా అంటే నమ్మొద్దు. సేద్యం పనికని రాసిన పాలసీ పెండ్లి ట్రిప్పుకు పనికిరాదు.

మినీ లారీలదీ ఇదే కథ. టమేటా బాక్సులతో మదనపల్లె మార్కెట్టుకు పోయే రైతు సరుకు ఓనరు కాబట్టి చట్టం లెక్కలోకి వస్తాడు. కానీ క్యాబిన్లో కాకుండా బాక్సుల మీద కూర్చున్నాడంటే, లేదా సరుకు దించేసి ఖాళీ బండిలో తిరిగొస్తా ఉండాడంటే, కంపెనీ వకీలు తగాదా మొదలు పెడతాడు. సరుకు ఓనరు అనేదానికి మార్కెట్టు చీటీ, బాడుగ రసీదు లాంటిది జేబులో ఉంటే ఆ పొద్దు అదే సాక్ష్యం.

షేర్ ఆటో ఇంగో రకం. ముగ్గురికి పర్మిట్, ఎక్కేది పది మంది. ప్యాసింజరు బండే కాబట్టి బీమా ఉండాది, కానీ ఎంత మందికి? 2007లో అంజనా శ్యామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏందంటే, పర్మిట్లో ఉండే సంఖ్యకే కంపెనీ బాధ్యత. ముగ్గురికి పర్మిట్ ఉంటే, అందరిలో ఎక్కువ పరిహారం పడిన ముగ్గురి మొత్తం కంపెనీ కడతాది. దాన్నే పది మందీ వాళ్ల వాళ్ల వాటా ప్రకారం పంచుకోవాల. మిగిలింది ఆటో ఓనరు ఇయ్యాల. ఆటో మీద కంతులు కట్టుకునే మనిషి ఎంత ఇస్తాడో మీకు తెలియంది కాదు.

ఆర్టీసీ బస్సు సంగతి వేరే. ప్రభుత్వ రవాణా సంస్థలు సొంతంగా నిధి పెట్టుకుంటే బీమా కట్టకుండా మినహాయింపు ఇయ్యొచ్చని చట్టంలో ఉండాది. అంటే పాలసీ లేకపోయినా పరిహారం సంస్థే కట్టాల. 2025 ఆగస్టు 15 నుంచి మన అక్కచెల్లెళ్లు స్త్రీశక్తి కింద ఉచితంగా పోతా ఉండారు కదా, ఆ సున్నా టిక్కెట్టును నలిపి పారేయొద్దని చెప్పండి. డబ్బు కట్టకపోయినా ప్యాసింజరు ప్యాసింజరే. ఆ బస్సులో ఉండినారనేదానికి ఆ చీటీనే ఆధారం.

ఇంగ మన పిల్లోళ్లు రోజూ ఎక్కే బైకు. ఇది రవంత జాగ్రత్తగా చదవండి. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బైకు కొంటే అయిదేండ్లకు థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటారు. దాంతోపాటు మన బండి నష్టానికి ఒక ఏడాది పాలసీ ఇస్తారు. రెండూ కలిసి ఉండే ఆ ఒక్క ఏడాది ఫుల్ పాలసీ. ఏడాది అయిపోయినాక దాన్ని రెన్యువల్ చేసేవాళ్లు తక్కువ. మిగిలేది థర్డ్ పార్టీ ఒక్కటే. పోలీసోళ్లు ఆపితే అది చాలు, ఫైను పడదు. కానీ వెనక కూర్చున్న మీ స్నేహితుడికి అది చాలదు. 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం, ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ ఉంటే వెనక కూర్చున్నోడికి కంపెనీ కట్టక్కర్లేదు. ఫుల్ పాలసీ ఉంటే కట్టాల. ఈ మాటను బీమా నియంత్రణ సంస్థ 2009లో సర్క్యులరుతో ఖాయం చేసింది. కాబట్టి త్రిబుల్ రైడింగులో కాణిపాకం పోయేటప్పుడు వెనక ఉండే ఇద్దరూ పొగొట్టుకునేది ఎముకలే కాదు, పరిహారం కూడా. బండి తోలే ఓనరుకైతే 15 లక్షల సొంత ప్రమాద బీమా ఉండాది. లైసెన్సు లేకుంటే అది కూడా పనికిరాదు.

ఇప్పుడు పైన చెప్పిన నియంత్రణ సంస్థ గురించి. దాని పేరు ఐఆర్‌డీఏఐ. 1999 చట్టంతో పుట్టింది, ఆఫీసు ఢిల్లీలో లేదు, మన హైదరాబాదులోనే ఉండాది. దేశంలో ఏ బీమా కంపెనీ ఏ పాలసీ అమ్మాలన్నా దీని రూల్సు లోపలే. ప్రయాణ బీమా మీద ఇది పెట్టిన రూల్సు చూస్తే ఎవురి ప్రయాణం గురించి ఆలోచన చేసినారో అర్థం అవుతాది. 2019లో, టిక్కెట్లు అమ్మే వెబ్‌సైట్లు, యాప్‌లు బీమా గడిలో ముందే టిక్కు పెట్టి ఉంచకూడదు, కొనేవాళ్లే పెట్టుకోవాల అని ఆదేశం ఇచ్చింది. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇంగో మెట్టు ఎక్కింది. విమానం టిక్కెట్టు కొనేటప్పుడు అడక్కుండా బీమా చేర్చడం మోసపు పద్ధతి అని మార్గదర్శకాల్లో ఉదాహరణగా రాసింది. బీమా వద్దంటే “నేను రక్షణ లేకుండానే ఉంటాను” అనే బటన్ నొక్కించి సిగ్గుపడేట్టు చేయడం కూడా తప్పే. మంచి రూల్సే. బెంగళూరు నుంచి విమానం ఎక్కే మన పిల్లోళ్లకు పనికొస్తాయి. అట్ల మోసం జరిగితే 1915కు ఫోన్ చేయండి.

రైలుకు కూడా ఒకటి ఉండాది. ఐఆర్‌సీటీసీలో టిక్కెట్టు తీస్తే 45 పైసలకు బీమా. 2016 సెప్టెంబర్లో 92 పైసలతో మొదలైంది, నడిమిలో కొన్ని దినాలు ఉచితంగా కూడా ఇచ్చినారు. చనిపోతే 10 లక్షలు, ఆస్పత్రి ఖర్చుకు 2 లక్షల దాకా. టిక్కెట్టు తీసినాక కంపెనీ నుంచి వచ్చే మెసేజీలో నామినీ పేరు నింపాల, చానా మంది ఆ లింకు తెరవనే తెరవరు. అయితే ఇది ఆన్‌లైన్ టిక్కెట్టుకే. పాకాల స్టేషన్లో కౌంటరు దగ్గర తీసిన టిక్కెట్టుకు లేదు, జనరల్ పెట్టెకు లేదు. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి తావ రెండు ప్యాసింజరు రైళ్లు గుద్దుకున్నాయి. అట్లాంటి రైళ్లలో పోయేది ఎక్కువగా అప్పటికప్పుడు కౌంటరులో టిక్కెట్టు తీసుకునే జనమే. వాళ్లకు ఉండే దారి వేరే. రైల్వే చట్టం కింద చనిపోయినోళ్లకు 8 లక్షల పరిహారం, రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్లో ఏడాది లోపల అడగాల. టిక్కెట్టు పోయినా కేసు పోదని 2018లో రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

విమానం వాడికి బటన్ మీద ఏమి రాయాల అనేదాకా రూలు ఉండాది. ఏసీ పెట్టె వాడికి 45 పైసలకు 10 లక్షలు. ట్రాలీ వాడికి ఏమీ లేదు. చట్టం చెప్పే సమాధానం నాకు తెలుసు. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడమే తప్పు, తప్పు పనికి బీమా ఎట్ల ఇస్తారు అని. దాంట్లో న్యాయం లేకపోలేదు. బీమా ఇస్తే “పోనీలే, డబ్బు వస్తాది కదా” అని ఇంగా ఎక్కువ మందిని ఎక్కిస్తారు అనే భయం కూడా నిజమే. నేను కూడా ట్రాలీకి బీమా ఇయ్యమని అడగడం లేదు. కానీ తప్పు అని రాసేసి, వేరే దారి చూపించకుండా వదిలేస్తే ఎట్ల? పెండ్లికి ఆర్టీసీ బస్సు బాడుగకు ఇస్తారు, ఆ బాడుగ మామూలు రైతు డీజిలు ఖర్చుతో పోల్చి చూసుకుంటాడు. పేదోళ్ల పెండ్లికి, శుభలేఖ చూపిస్తే, రవంత తక్కువ బాడుగకు పల్లెవెలుగు బస్సు ఇచ్చే ఏర్పాటు చేస్తే బీమా సమస్యే ఉండదు. ప్రమాదం తర్వాత ప్రకటించే లక్షల్లో కొంత ముందే బస్సుకు పెట్టినట్టు అవుతాది. ఈ మాట మన ఎమ్మెల్యేను, డిపో మేనేజరును అడిగేదానికి పిల్లోళ్లకు ఏం అడ్డం?

అది వచ్చేదాకా చేతిలో ఉండేది ఒకటే. బండిని కాకుండా మనిషిని చూసే బీమా. ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన 2015లో వచ్చింది. ఏడాదికి 12 రూపాయలు ఉండేది, 2022 జూన్ నుంచి 20. 18 నుంచి 70 ఏండ్ల లోపు వాళ్లకు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. నువ్వు బస్సులో ఉండినావా, ట్రాలీలో ఉండినావా, బైకు వెనక కూర్చున్నావా అని దీంట్లో అడగరు. జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క, మే నెలాఖరులో ఖాతాలో 20 రూపాయలు లేకుంటే పాలసీ ఆగిపోతాది. మీ అమ్మా నాయనల పాసుబుక్కులో ఆ 20 రూపాయలు కట్ అయినాయో లేదో చూడండి. ఇంటాయనకు ఉండి ఇంటామెకు లేని ఇండ్లు దండిగా ఉంటాయి. రాష్ట్రం ఇచ్చే బీమాలు చంద్రన్న బీమా, వైఎస్సార్ బీమా అని ప్రభుత్వంతోపాటు పేర్లూ రూల్సూ మారతా ఉంటాయి. వైఎస్సార్ బీమా అయితే ఇంట్లో సంపాదించే ఒక్కరికే ఉండేది. ఈ 20 రూపాయలది మాత్రం ఇంట్లో ఎంత మంది ఉంటే అంత మందికి విడివిడిగా కట్టొచ్చు.

ప్రమాదం జరిగిపోతే ఏం చేయాల అనేది కూడా చెప్పాల. మొదట ప్రాణం. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు కేంద్రం నగదు లేని చికిత్స పథకం తెచ్చింది. పథకంలో చేరిన ఆస్పత్రుల్లో ఏడు దినాల దాకా, లక్షన్నర వరకు. ఏ మోటారు బండి వల్ల జరిగినా వర్తిస్తాది, ట్రాలీ అని తీసేయరు. తర్వాత ఎఫ్ఐఆర్. “మనలో మనకు కేసెందుకు” అని పెద్దమనుషులు రాజీ చేస్తే ఎఫ్ఐఆర్ ఉండదు. అది లేకుంటే సురక్ష బీమా 2 లక్షలు కూడా చిక్కుల్లో పడతాయి. ఎఫ్ఐఆర్ కట్టించడం అంటే మేనమామను జైలుకు పంపడం కాదు, ప్రమాదం జరిగిందని కాయితం మీదికి తేవడం. చనిపోతే పోస్టుమార్టం వద్దనకూడదు, ఎంత బాధగా ఉన్నా. సురక్ష బీమాకు 30 దినాల లోపల బ్యాంకులో చెప్పాల.

పరిహారం కేసు వేసేది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో. మనకైతే చిత్తూరు కోర్టు. ప్రమాదం బయట జిల్లాలో జరిగినా, మనం ఉండే ఊరు పరిధిలోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేయాలని చట్టం మారింది. కర్మకాండలు, ఏడాది మైల అని ఆగితే గడువు దాటిపోతాది. అదే దినం నుంచి 164వ సెక్షన్ కూడా వచ్చింది. తప్పు ఎవురిదని నిరూపించకుండానే చావుకు 5 లక్షలు, పెద్ద దెబ్బకు రెండున్నర లక్షలు. అయితే ఆ 5 లక్షలు ఒప్పుకుని తీసుకుంటే పెద్ద మొత్తానికి వేసిన కేసు రద్దవుతాది. సంపాదించే వయసోడు పోయినప్పుడు 5 లక్షలకు సంతకం పెట్టే ముందు వకీలును అడగండి. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే 2 లక్షలు, గట్టి దెబ్బలకు 50 వేలు ఇంగో పథకం కింద వస్తాయి.

వకీలుకు డబ్బు లేకుంటే 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఉచితంగా వకీలును పెడతారు. ఆడోళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా. మన పేరు మీద ఉండే పాలసీకి కంపెనీ డబ్బు ఎగ్గొడితే 155255కు ఫోన్ చేసి బీమా భరోసాలో ఫిర్యాదు రాయించొచ్చు. దానికీ పలక్కుంటే హైదరాబాదులో ఉండే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉండాడు. రెండు రాష్ట్రాలకూ ఆయనే, 50 లక్షల దాకా తగాదా తీర్చొచ్చు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాది లోపల పోవాల, తెలుగులో రాసుకోనైనా.